గోల్ఫ్ కర్రకు కొత్త పట్టు: ఇంట్లోనే గ్రిప్పు మార్చుకోవడం

(విజయవాడలో ఒక ఆదివారం ఉదయం గోల్ఫ్ ఆడేవారి ముందు చేసిన ప్రసంగానికి పాఠం)

సభకు నమస్కారం. పెద్దలకు, మిత్రులకు, నాన్నగారి వెంట వచ్చి ముందు వరుసలో కూర్చున్న పిల్లలకు కూడా నమస్కారం. ఎండ ముదరకముందే సభ పెట్టమని నేనే కోరాను. ఎందుకు కోరానో టర్పెంటాయిల్ సంగతి వచ్చినప్పుడు మీకే తెలుస్తుంది.

విజయవాడలోనూ గుంటూరులోనూ ఉంటూ గోల్ఫ్ ఆడే మనలో చాలామందికి ఆట అంటే ప్రయాణమే. గోల్కొండ కోట పక్కన నయాఖిల్లా మైదానానికి వెళ్లాలన్నా, విశాఖపట్నంలో ఈస్ట్ పాయింట్‌కు వెళ్లాలన్నా రానూ పోనూ ఒక రోజు పోతుంది. అంత దూరం వెళ్లి, అంత ఖర్చు పెట్టి, తీరా మొదటి టీ దగ్గర, అంటే ఆట మొదలుపెట్టే చోట, నిలబడ్డాక చేతిలోని కర్ర జారుతున్నట్లు అనిపిస్తే ఆ రోజంతా వృథా అయినట్లే. క్రికెట్ బ్యాటుకు రబ్బరు తొడగమంటే గవర్నరుపేటలో క్షణాల్లో తొడిగి ఇస్తారు. గోల్ఫ్ కర్రకు ఆ సౌకర్యం మనకు దగ్గరలో లేదు. పదేళ్ల క్రితం నేను నా కర్రలన్నిటినీ కట్టగట్టి వేరే ఊళ్లోని ఒక దుకాణానికి పార్సిల్లో పంపాను. ఐదు వారాల తరువాత తిరిగి వచ్చిన ఆ కర్రలకు నా చేతికి ఏ మాత్రం సరిపోని సన్నని గ్రిప్పులు తొడిగి ఉన్నాయి. నా చేతి కొలత ఎంతో వారు అడగలేదు, అడగవలసిన విషయమని నాకూ అప్పుడు తెలియదు. ఆ తరువాత నుంచి ఈ పని నేనే చేసుకుంటున్నాను. ఇరుగుపొరుగు వారివి, స్నేహితులవి కలిపి ఇప్పటికి చాలా కర్రలకు గ్రిప్పులు మార్చాను.

ముందుగా, గ్రిప్పు పాతబడితే ఆటకు ఏమవుతుందో చెప్పనివ్వండి. కర్రకు ఉన్న భాగాలన్నిటిలో మన చేయి తాకేది గ్రిప్పు ఒక్కటే. అది నున్నబడి జారుతుందనే అనుమానం కలిగితే మనకు తెలియకుండానే వేళ్లు బిగుస్తాయి. మామూలుగా పట్టుకోవలసిన కర్రను ఉడుంపట్టు పడతాం. వేళ్లు బిగిస్తే మణికట్టు బిగుస్తుంది, మణికట్టు బిగిస్తే మోచేతి కింది కండరమంతా కట్టెలాగా మారిపోతుంది. అలా బిగిసిన చేయి కర్ర తలను సమయానికి తిప్పలేదు కనుక, కుడిచేతివాటం వారి బంతి కుడివైపుకు వంకర తిరిగి పోతుంది. అప్పుడు మనం నిలబడే తీరును తప్పుపడతాం, భుజాన్ని తప్పుపడతాం, శిక్షకుడి దగ్గరకు పరుగెత్తుతాం. స్వింగులో, అంటే కర్రను ఊపే తీరులో, దోషమని నా దగ్గరకు వచ్చిన వారి కర్రల సంచి తెరిచినప్పుడు, ముందు బాగుచేయవలసింది గ్రిప్పులేనని ఎన్నోసార్లు తేలింది.

రబ్బరు ఎందుకు చెడుతుందో కూడా కొంచెం తెలుసుకోవాలి. చెట్టుపాలతో చేసిన పచ్చి రబ్బరు ఎండకు జిగురుగా సాగేది, చలికి పెళుసుగా విరిగేది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ అనే అమెరికన్ దానికి గంధకం కలిపి వేడిచేస్తే ఆ రెండు దోషాలూ పోతాయని కనిపెట్టాడు. సైకిల్ టైరు నుంచి గోల్ఫ్ గ్రిప్పు వరకు మనం వాడే రబ్బరంతా ఆ మార్గంలో వచ్చినదే. అయినా గాలిలోని ఆక్సిజను, ఓజోను, ఎండలోని అతినీలలోహిత కిరణాలు, మన చర్మం నుంచి వచ్చే నూనె, చెమట కలిసి ఆ రబ్బరును పై పొర నుంచి మెల్లగా గట్టిపరుస్తాయి. వేడి ఎక్కువైన కొద్దీ ఆ మార్పు వేగం పెరుగుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు అన్నారు. ఆ కార్తెలో సంచిని కారు డిక్కీలో వదిలేస్తే రబ్బరుకు ఏం జరుగుతుందో మీరే ఊహించండి. నలభై రౌండ్లకు, అంటే నలభై పూర్తి ఆటలకు, ఒకసారి, లేదా ఏడాదికి ఒకసారి గ్రిప్పులు మార్చమని తయారీదారులు సాధారణంగా చెబుతారు. మన కృష్ణా తీరపు ఎండకు, ఉక్కపోతకు ఆ మాట అక్షరాలా వర్తిస్తుందని నా అనుభవం. తక్కువ ఆడేవారు కూడా రౌండ్లు లెక్కపెట్టుకుంటూ కూర్చోకుండా ఏడాది లెక్కనే పాటించడం మంచిది.

గ్రిప్పు అయిపోయిందని గుర్తుపట్టడానికి పరికరాలేవీ అక్కరలేదు. వెలుతురులో పట్టుకుని చూస్తే బొటనవేళ్లు ఆనే చోట మెరుస్తుంది. గోరుతో నొక్కితే లోపలికి దిగదు. పొడి గుడ్డతో తుడిచాక కూడా అరచేతికి అంటుకున్నట్లు ఉండదు. అయితే ఒక జాగ్రత్త ఉంది. కొన్నిసార్లు అది అరిగిపోయి ఉండదు, మురికి పట్టి ఉంటుందంతే. కాబట్టి ముందు గోరువెచ్చని నీటిలో గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు వేసి, మెత్తని బ్రష్షుతో రుద్ది, ఆరనిచ్చి చూడండి. అప్పటికీ జారుతుంటేనే మార్చండి.

ఇప్పుడు ఏ గ్రిప్పు కొనాలన్న ప్రశ్న. తోలు పట్టీలను కర్ర చుట్టూ చుట్టుకునే రోజుల్లో ఈ ప్రశ్నే లేదు. 1953లో గోల్ఫ్ ప్రైడ్ సంస్థ తొడుగులాగా ఎక్కించే రబ్బరు గ్రిప్పును తెచ్చిన తరువాత ఆ పద్ధతే ప్రపంచమంతా స్థిరపడింది. నేడు దొరికే వాటిలో పూర్తి రబ్బరువి కొన్ని, మెత్తని పాలిమరువి కొన్ని, రబ్బరులో నూలు దారాలు కలిపి చేసినవి కొన్ని. ఈ మూడవ రకాన్ని కార్డ్ గ్రిప్పు అంటారు. నూలు చెమటను పీల్చుకుంటుందని పత్తి పండించే గుంటూరు జిల్లా వారికి నేను చెప్పనక్కరలేదు. అరచేతులు బాగా చెమర్చేవారికి మన వాతావరణంలో కార్డ్ గ్రిప్పే సరైనదని నా అభిప్రాయం. అది మొదట కొంచెం గరుకుగా ఉంటుంది కనుక, చర్మం సున్నితంగా ఉన్నవారు పైభాగంలో మాత్రమే నూలు ఉండి కిందిభాగం రబ్బరుగా ఉండే రకాన్ని ఎంచుకోవచ్చు.

రకం కంటే కొలత ముఖ్యం. ఐదు వారాలు ఎదురుచూశాక నన్ను నిరాశపరిచింది కూడా ఆ కొలతే కనుక దీని మీద కొంచెం ఎక్కువ సేపు మాట్లాడతాను. కుడిచేతివాటం వారు ఎడమచేత్తో, ఎడమచేతివాటం వారు కుడిచేత్తో కర్రను మామూలుగా పట్టుకుని చూడండి. మధ్యవేలు, ఉంగరపువేలు కొసలు బొటనవేలి మొదట్లో ఉన్న కండను అలా తాకీ తాకనట్లు ఉండాలి. కొసలు ఆ కండలోకి గుచ్చుకుంటే గ్రిప్పు సన్నగా ఉన్నట్లు, అసలు తాకకుండా ఖాళీ మిగిలితే లావుగా ఉన్నట్లు. సన్నని గ్రిప్పుతో చేతులు అతిగా తిరిగి కుడిచేతివాటం వారి బంతి ఎడమకు, లావు గ్రిప్పుతో చేతులు తిరగక బంతి కుడికి పోతుందని శిక్షకులు చెబుతారు. అందరి విషయంలోనూ అది ఒకేలా జరగదు కానీ, చేతికి సరిపడని గ్రిప్పు చేతిని అలసిపోయేటట్లు చేస్తుందన్నది మాత్రం నిస్సందేహం. కీళ్లనొప్పులు ఉన్న పెద్దవారికి కొంచెం లావు గ్రిప్పు హాయిగా ఉంటుంది, బిగించవలసిన అవసరం తగ్గుతుంది.

గ్రిప్పు లోపలి వైపు 58 అనో 60 అనో ఒక అంకె వేసి ఉంటుంది. అది గ్రిప్పు లోపలి రంధ్రపు కొలత, అంగుళంలో వెయ్యోవంతుల లెక్కన 580, 600 అని అర్థం. షాఫ్టు, అంటే కర్ర కాండం, పైకొస మందాన్ని కూడా అలాగే చెబుతారు. రెండూ సరిపోతే గ్రిప్పు తయారీదారు చెప్పిన లావే వస్తుంది. 58 రంధ్రపు గ్రిప్పును 600 షాఫ్టు మీద ఎక్కిస్తే అది సాగి కొంచెం లావవుతుంది, 60 రంధ్రపు గ్రిప్పును 580 షాఫ్టుకు తొడిగితే కొంచెం సన్నబడుతుంది. కొనేముందు షాఫ్టు కొసను వెర్నియర్‌తో కొలవండి. వెర్నియర్ లేకపోతే మన ఆటోనగర్‌లో ఏ లేత్ పనివారినడిగినా క్షణంలో కొలిచి చెబుతారు. అసలు గ్రిప్పు కంటే కొంచెమే లావు కావాలంటే కొత్తది కొననక్కరలేదు, అడుగున మామూలు మాస్కింగ్ టేపు మరొక చుట్టు చుడితే చాలు. ఒక్కొక్క చుట్టు సుమారు అంగుళంలో అరవై నాలుగో వంతు మందాన్ని పెంచుతుంది. మిడ్‌సైజు అని అమ్మేది మామూలు దాని కంటే అంగుళంలో పదహారో వంతు లావు కనుక, నాలుగు చుట్లు చుడితే మామూలు గ్రిప్పే దాదాపు మిడ్‌సైజు అవుతుంది.

బరువు సంగతి కూడా మరచిపోకూడదు. మామూలు గ్రిప్పు యాభై గ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది. గ్రిప్పు నాలుగైదు గ్రాములు బరువు పెరిగితే స్వింగ్ వెయిట్ ఒక పాయింటు తగ్గుతుంది, అంటే కర్ర తల తేలికైనట్లు చేతికి తెలుస్తుంది. పలుగుకైనా గొడ్డలికైనా చేతి దగ్గర బరువు పెరిగితే ఇనుము తేలికైనట్లు అనిపించడం మన పల్లెల్లో అందరికీ అనుభవమే. అందువల్ల ఒకే సెట్టులోని ఐరన్లన్నిటికీ, అంటే ఇనుప తల ఉండి నంబర్లు వేసిన కర్రలన్నిటికీ, ఒకే బరువు గ్రిప్పులు తొడగాలి. ఒకటి ఒక రకం, మరొకటి ఇంకొక రకం అయితే ఏడో నంబరు ఐరన్‌తో అలవాటుపడిన చేయి ఎనిమిదో నంబరుతో తడబడుతుంది.

ఇక పనిలోకి దిగుదాం. పాత గ్రిప్పును తీయడం తేలిక, తేలికైనది కనుకనే ప్రమాదకరం. ఉక్కు షాఫ్టు అయితే మామూలు కట్టర్‌తో నిలువుగా కోసి ఒలిచేయవచ్చు. గ్రాఫైట్ షాఫ్టు అయితే అలా చేయకూడదు. గ్రాఫైట్ అంటే జిగురులో అతికించిన సన్నని కార్బన్ పోగుల పొరలు. బ్లేడు కొస లోపలికి దిగితే ఆ పోగులు తెగుతాయి, పైకి గీత కూడా సరిగా కనిపించదు. మా అన్నయ్య వాడే డ్రైవరు, అంటే బంతిని దూరం కొట్టే పొడవాటి కర్ర, గ్రిప్పును నేను మొదటిసారి మార్చినప్పుడు కట్టర్‌నే వాడాను. రెండు నెలల తరువాత ఆయన స్వింగు మధ్యలో ఆ షాఫ్టు సరిగ్గా గ్రిప్పు కింద విరిగి, తల భాగం ముప్పై గజాల దూరంలో పడింది. అదృష్టవశాత్తూ ముందు ఎవరూ లేరు. ఆ తప్పు పూర్తిగా నాది. అప్పటి నుంచి గ్రాఫైట్‌కు కొక్కెం బ్లేడే వాడుతున్నాను. కొక్కెం లోపలి అంచుకే పదును ఉంటుంది కనుక, గ్రిప్పు కింది నోట్లో దాన్ని దూర్చి పైకొస వైపు, మన శరీరానికి దూరంగా నడిపితే రబ్బరు మాత్రమే తెగుతుంది, షాఫ్టుకు బ్లేడు అంచు తగలదు.

రబ్బరు పోయాక పాత టేపు మిగులుతుంది. హెయిర్ డ్రయ్యర్‌తో కొంచెం వేడిచేసి గోటితోనో ప్లాస్టిక్ చెక్కతోనో ఒలవండి. గ్రాఫైట్‌కు ఆ వేడి కూడా తక్కువగానే చూపించాలి. చివరగా షాఫ్టును టర్పెంటాయిల్ తడిపిన గుడ్డతో తుడిచి, పాత జిగురు ఒక్క మచ్చ కూడా లేకుండా చూసుకోవాలి. మిగిలిన మచ్చ కొత్త గ్రిప్పు కింద బొడిపెగా ఉండిపోతుంది, ఏడాది పొడవునా అది చేతికి తెలుస్తుంది.

తరువాతది టేపు. రెండువైపులా జిగురుండే గ్రిప్ టేపు రెండు అంగుళాల వెడల్పుతో ఆన్‌లైనులో దొరుకుతుంది. గోడలకు కొక్కేలు అంటించే స్పాంజి టేపు దీనికి పనికిరాదు. ఆ రెండంగుళాల వెడల్పు ఊరికే పెట్టినది కాదు. 600 షాఫ్టు పైకొస చుట్టుకొలత లెక్కవేస్తే 1.9 అంగుళాల లోపే వస్తుంది. కాబట్టి రెండంగుళాల టేపును నిలువుగా పెట్టి చుట్టేస్తే అంచు మీద అంచు కొంచెమే ఎక్కి సరిగ్గా సరిపోతుంది. పొడవు గ్రిప్పు కంటే కొంచెం తక్కువగా ఉండాలి. పైకొసన మాత్రం అర అంగుళం టేపును బయటికి వదిలి, దాన్ని షాఫ్టు లోపలికి మడిచి దూర్చాలి. చాలామంది ఈ మడత వదిలేస్తారు. అది లేకపోతే ద్రవం బోలుగా ఉన్న షాఫ్టు లోపలికి పోతుంది, షాఫ్టు పదునైన అంచు గ్రిప్పు మూతను లోపలి నుంచి కోస్తుంది.

ఇక్కడే టర్పెంటాయిల్ వస్తుంది. కొత్త గ్రిప్పు జిగురు మీద జారాలి, జారిన తరువాత అతుక్కోవాలి. ఈ రెండు పనులూ ఒకే ద్రవం చేస్తుంది. అది జిగురును కొద్దిగా కరిగించి జారుడుగా మారుస్తుంది, మెల్లగా ఆవిరైపోయాక జిగురు మళ్లీ గట్టిపడి గ్రిప్పును పట్టేస్తుంది. చిన్నప్పుడు సైకిల్ హ్యాండిల్ గ్రిప్పులను సబ్బునీళ్లతో ఎక్కించడం చూసినవారికి ఈ సూత్రం కొత్తది కాదు. పెయింట్ల దుకాణంలో మినరల్ టర్పెంటాయిల్ అని అడగండి. థిన్నర్ వద్దు, అది షాఫ్టు మీది రంగును లేపేస్తుంది, రబ్బరును పాడుచేస్తుంది.

(ఈ దశలో సభలో ఒక యువకుడు లేచి, "మాస్టారూ, పెట్రోలు ఇంకా త్వరగా ఆరుతుంది కదండీ, అది వాడొచ్చా?" అని అడిగారు.)

మంచి ప్రశ్న వేశావు బాబూ, అయితే దీనికి నా సమాధానం ఒక్కటే. పెట్రోలు వద్దు, ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. పెట్రోలు ఆవిరి ఎంత చల్లని రోజునైనా మంట అందితే అంటుకుంటుంది. అది గాలి కంటే బరువైనది కనుక నేల వెంట పాకి పక్క గదిలోని పొయ్యి దాకా వెళుతుంది. టర్పెంటాయిల్ అంత ప్రమాదకరం కాదని అందరూ అంటారు, మామూలు రోజుల్లో అది నిజమే. కానీ దాని ఆవిరి అంటుకోగల ఉష్ణోగ్రత సుమారు 40 డిగ్రీల సెల్సియస్. మన విజయవాడలో మే నెల మధ్యాహ్నం గాలే 45 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. అంటే చలిదేశంలో నిరపాయంగా ఉండే ద్రవం మన ఇంట్లో వేసవి మధ్యాహ్నం పెట్రోలుకు తమ్ముడవుతుంది. పొద్దున్నే సభ పెట్టమన్నది ఇందుకే. ఈ పని ఎప్పుడూ ఉదయం పూట, కిటికీలు తెరిచి, వంటింటికీ పూజగదిలోని దీపానికీ దూరంగా చేయండి. వాడిన గుడ్డలను ముద్దగా చేసి మూల పడేయకుండా ఆరుబయట పరిచి ఆరనివ్వండి. పిల్లలు ఆ వాసన దగ్గర ఉండకూడదు. ద్రవం వాడడానికి భయపడేవారికి నీటితో జారే టేపు కూడా దొరుకుతుంది, దాన్ని వాడినా తప్పులేదు.

పంక్చర్ల దుకాణంలో ఉండే గాలి కంప్రెసర్‌తో కూడా గ్రిప్పును ఉబ్బించి ఎక్కించవచ్చు. ఒత్తిడి అదుపు తప్పితే గ్రిప్పు బెలూనులాగా పగులుతుంది కనుక అలవాటు లేనివారికి నేను చెప్పను.

ఎక్కించే విధానం వినండి. షాఫ్టును సైకిల్ ట్యూబు ముక్కలో చుట్టి వైస్‌లో బిగించండి. గ్రాఫైట్‌ను గట్టిగా బిగిస్తే నలిగిపోతుంది, కదలకుండా ఉంటే చాలు. వైస్ లేకపోతే ఒకరు పట్టుకుంటే ఇంకొకరు చేయవచ్చు, మా ఇంట్లో చాలా కాలం అలాగే జరిగింది. కర్ర తల సూటిగా ఉండేటట్లు ముందే సరిచూసుకోండి. గ్రిప్పు పైన మూతకు ఉన్న చిన్న చిల్లును వేలితో మూసి, లోపల పావువంతు దాకా టర్పెంటాయిల్ పోసి, నోరు కూడా మూసి బాగా కుదపండి. ఆ ద్రవాన్ని కింద పళ్లెం పెట్టి టేపు మీద పొడవునా పోసేయండి. టేపులో పొడి చోటు ఎక్కడా మిగలకూడదు. వెంటనే గ్రిప్పు నోటిని రెండువైపులా నొక్కి వెడల్పు చేసి, షాఫ్టు కొసకు తగిలించి, ఆగకుండా ఒక్క ఊపున చివరిదాకా తోయండి. నా దగ్గర నేర్చుకున్నవారిలో చాలామంది ఇక్కడ ద్రవం పొదుపు చేశారు, గ్రిప్పు సగంలో ఇరుక్కుపోయింది. ఇరుక్కున్న గ్రిప్పును బలంగా తోస్తే చిరుగుతుంది. అప్పుడు దాన్ని కోసి పారేయడం తప్ప మార్గం లేదు. టర్పెంటాయిల్ ఖర్చు గ్రిప్పు ఖర్చు ముందు ఏపాటిది? ధారాళంగా పోయండి.

షాఫ్టు కొస మూతకు తగిలినప్పుడు చేతికి స్పష్టంగా తెలుస్తుంది. ఆ తరువాత మీకు ఒకటి రెండు నిమిషాలే సమయం ఉంటుంది. కర్రను వైస్ నుంచి తీసి, ఆట ఆడబోతున్నట్లు నేల మీద నిలబెట్టి, పైనుంచి చూస్తూ గ్రిప్పు మీది గుర్తును కర్ర తలతో సరిచేయండి. కింది అంచును పట్టి లాగకూడదు, లాగితే గ్రిప్పు సాగి సన్నబడుతుంది. మీరు మాస్కింగ్ టేపు చుట్టి పెంచిన మందమంతా ఆ ఒక్క లాగుడుతో పోతుంది. బయటికి వచ్చిన ద్రవాన్ని తుడిచి, మర్నాటి దాకా ఆ కర్రను ముట్టుకోకండి. వానాకాలంలో, గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజుల్లో, నేను రెండో రాత్రి కూడా ఆగుతాను.

బంతిని గుంతలోకి దొర్లించే కర్ర అయిన పట్టర్ గురించి విడిగా ఒక మాట. మిగతా కర్రల గ్రిప్పులు అడ్డుకోతలో గుండ్రంగా ఉండాలని, కావాలంటే పొడవునా నిటారుగా ఒక చిన్న గట్టు మాత్రం ఉండవచ్చని ఆట నియమాలు చెబుతాయి. పట్టర్ గ్రిప్పుకు మాత్రం చదునైన ముఖం ఉండవచ్చు. ఏ గ్రిప్పూ 1.75 అంగుళాల వెడల్పు దాటకూడదు. ఆ చదును ముఖం పట్టర్ ముఖానికి కచ్చితంగా లంబంగా ఉండాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా పట్టు సరిగానే ఉందని చేయి చెబుతుంది, బంతి మాత్రం గుంత పక్క నుంచి పోతుంది. అందుకే పట్టర్ పాత గ్రిప్పు తీసేముందే ఆ ముఖం ఎటు ఉందో షాఫ్టు మీద పెన్సిలుతో గీత గీసుకోండి. ఆ గీత గ్రిప్పు అంచు కిందుగా, టేపుకు బయట ఉండాలి.

(వెనుక వరుసలోని ఒక పెద్దావిడ, "కొత్తవి తొడిగాక వాటిని ఎలా చూసుకోవాలండీ?" అని అడిగారు.)

అమ్మా, ఆడి వచ్చిన రోజు సాయంత్రం తడిగుడ్డతో తుడిచి, నెలకు ఒకసారి ఇందాక చెప్పినట్లు సబ్బునీటితో కడిగి, నీడలో ఆరబెట్టండి. చెమటలోని ఉప్పు, నూనె రబ్బరు రంధ్రాల్లో ఉండిపోకుండా చూసుకుంటే గ్రిప్పు ఏడాది దాకా అంటుకునే గుణం కోల్పోదు. కారు డిక్కీలో మాత్రం ఒక్క రాత్రి కూడా వదలకండి.

ఇప్పుడు ఈ బల్ల మీద ఒక ఏడో నంబరు ఐరన్ ఉంది. టేపు వేసి ఉంచాను, మడత కూడా లోపలికి దూర్చాను. ఉక్కు షాఫ్టు కనుక తప్పు జరిగినా నష్టం తక్కువ. ఇందాక పెట్రోలు గురించి అడిగిన బాబు ముందుకు రావాలి, గ్రిప్పు అతనే ఎక్కిస్తాడు. దయచేసి ఆ రెండు కిటికీలు తెరవండి.